జట్టు ఓడితే మా ఇంట్లో రెండు రోజులు మాటలుండవు

ప్రశ్న (2025 నాటిది):

అక్కగారూ, నమస్కారం. మాది గుంటూరు జిల్లా. 2011లో ఎమ్మెస్ చదవడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వచ్చాను. మొదటి చలికాలంలోనే ల్యాబ్‌లో నాతో పనిచేసే అక్కడి కుర్రాడొకడు నన్ను ఆ ఊరి జట్టు బిల్స్ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆ మంచులో ముక్కూమొహం తెలియనివాళ్ళు నా చేతికి గ్లోవ్స్ తొడిగి, వేడి సూప్ ఇచ్చి, పక్కన నిలబెట్టుకుని ఆట నేర్పారు. ఆ రోజు నుంచి నేను బిల్స్ మనిషినే. ఉద్యోగం, పెళ్ళి, బాబు పుట్టడం అన్నీ బఫెలోలోనే. 2018లో ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి వచ్చాం.

ఇక్కడ ఆదివారం బేస్‌మెంట్‌లో ఒక్కణ్ణే కూర్చుని చూస్తాను. గెలిస్తే సరే. ఓడితే సోమ, మంగళవారాలు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. 2025 జనవరి 26న కాన్సాస్ సిటీ జట్టు చేతిలో 32-29తో ఓడిన రాత్రి రిమోట్ తీసి గోడకేసి కొట్టాను. తొమ్మిదేళ్ళ బాబు మెట్ల మీద నిలబడి చూశాడు. మా ఆవిడ ఒక్కటే మాటంది: "మన ఇంట్లో పండగెప్పుడో తద్దినమెప్పుడో ఆ జట్టే చెబుతోంది." ఈమధ్య ఫోన్‌లో పందేలు కూడా కాస్తున్నాను. పెద్ద మొత్తాలు కావు గానీ ఆవిడకి తెలియదు.

రెండు వారాల తర్వాత లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్ ఆ కాన్సాస్ సిటీనే ఓడించింది. మర్నాడు పొద్దున బాబు వచ్చి, "నాన్నా, నేను ఇకనుంచి ఈగల్స్" అన్నాడు. ప్రాణం ఉసూరుమంది. వాణ్ణి నా దారికి తెచ్చుకోవాలా? లేక ఎప్పుడూ కన్నీళ్ళే పెట్టించే ఈ జట్టును నేనే వదిలెయ్యాలా? 2026లో బిల్స్‌కి కొత్త స్టేడియం వస్తోంది, సీజన్ టికెట్ కొనాలని ఉంది. ఆవిడ వద్దంటోంది. ఏం చెయ్యమంటారు?

— ఒక బిల్స్ అభిమాని, ఎడిసన్

సమాధానం:

తమ్ముడూ, జట్టును వదలక్కర్లేదు. పందేలు మాత్రం ఇవాళే వదిలెయ్యాలి. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ సంగతి మిగతా అన్నిటికంటే తొందరగా తేలాలి కాబట్టి ముందు అదే మాట్లాడుకుందాం.

మీరుంటున్న న్యూజెర్సీయే ఈ దేశంలో ఆటల పందేలకు తలుపు తీసిన రాష్ట్రం. ఆ రాష్ట్రం నడిపిన కేసులోనే 2018 మే 14న సుప్రీంకోర్టు పాత నిషేధ చట్టాన్ని కొట్టేసింది. అప్పటినుంచి పందెం కాయడానికి గడప దాటే పని లేదు, సోఫాలో కూర్చుని బొటనవేలితో కానిచ్చేయొచ్చు. ఆ లెక్క ఒకసారి చూడండి. మామూలు పందెంలో 100 డాలర్లు గెలవాలంటే 110 పెట్టాలి. అంటే నూటికి 52కి పైగా పందేలు సరిగ్గా చెబితే గానీ మీ అసలు మీకు దక్కదు. దీనికితోడు పార్లే ఒకటుంది. బిల్స్‌లో బంతి విసిరి ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ రెండు టచ్‌డౌన్లు వేస్తాడు, బంతి పట్టుకుని పరిగెత్తే జేమ్స్ కుక్ ఇన్ని గజాలు పరిగెడతాడు, జట్టు ఇన్ని పాయింట్ల తేడాతో గెలుస్తుంది అని మూడు నాలుగు కలిపి ఒకే పందెంగా కాయడం. అందులో ఒక్కటి తప్పినా మొత్తం పోయినట్టే. ఇలా కలిపిన కొద్దీ కంపెనీ వాటా పెరుగుతూ పోతుంది.

డబ్బు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. సొంత జట్టు మీద పందెం కాసేవాడికి ఆట చూసే కన్నే మారిపోతుంది. బిల్స్ గెలిచినా కుక్ నాలుగు గజాలు తక్కువ పరిగెత్తాడని పళ్ళు కొరుక్కోవాల్సి వస్తుంది. మంచులో నిలబెట్టి మీకు ఆట నేర్పినవాళ్ళు ఈ కన్ను మీకివ్వలేదు. యాప్‌లు తీసెయ్యడంతో ఆగకండి. పందేలు కాయకుండా తనను తాను కనీసం ఏడాదిపాటు నిషేధించుకునే ఏర్పాటు న్యూజెర్సీ ప్రభుత్వంలోనే ఉంది, అందులో పేరు నమోదు చేయించుకోండి. ఈ వారంలోనే బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మీ ఆవిడకి మొత్తం చెప్పండి. "పెద్ద మొత్తాలు కావు" అనే మాట మాత్రం అనకండి. ఎంత పెద్దవో ఆవిడే చూసి తేల్చుకుంటుంది. మానలేకపోతున్నానని అనిపిస్తే 1-800-426-2537కి ఫోన్ చెయ్యండి. జూదం మానాలనుకునేవాళ్ళ కోసం ఉన్న సహాయ కేంద్రం అది, పిలిచేందుకు డబ్బు కట్టక్కర్లేదు.

ఇక జట్టు సంగతి. మీరు బఫెలోలో ఉన్న కాలం ఒకసారి గుర్తు చేసుకోండి. మీరు ఆ ఊళ్ళో దిగేనాటికే బిల్స్ సీజన్ చివరి నాకౌట్ ఆటలైన ప్లేఆఫ్స్ మొహం చూసి పదేళ్ళు దాటింది. 2000 నుంచి 2016 దాకా వరసగా 17 సీజన్లు ఆ జట్టు ప్లేఆఫ్స్ ఆడనేలేదు. అందులో ఆరు సీజన్లు మీరు అక్కడే ఉండి, ఆ చలిలోనే చూశారు. ఆ రోజుల్లో రిమోట్ విసిరానని మీరు రాయలేదు, రెండు రోజులు నోరు మెదపలేదనీ రాయలేదు. ఇప్పుడేమో అదే జట్టు 2020 నుంచి 2024 దాకా ఏటా తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. ఆలెన్ 2024 సీజన్‌కి ఎంవీపీ, అంటే లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడు అయ్యాడు. జట్టు ఇంత బాగున్న రోజుల్లో మీ ఇంట్లో మాటలు కరువయ్యాయి.

మీ బాధకి ఓటములే కారణమైతే ఇది తలకిందులుగా ఉండాలి. నాకు అర్థమైనది ఇది: అప్పుడు మీరు ఊరితో కలిసి ఓడిపోయేవారు. సోమవారం పొద్దున బస్సులో, ల్యాబ్‌లో, కాఫీ వరసలో ఎవరి మొహం చూసినా మీ బాధే కనిపించేది. నాలుగు మాటలు అనుకునేవారు, క్వార్టర్‌బ్యాక్‌ని తిట్టుకునేవారు, మధ్యాహ్నానికి మామూలైపోయేవారు. ఎడిసన్‌లో మీ పక్కింటాయన న్యూయార్క్ జట్లైన జెయింట్స్ అభిమానో జెట్స్ అభిమానో అయి ఉంటాడు. ఆఫీసులో ఎవరికీ పట్టదు. అందువల్ల ఒకప్పుడు ఊరంతా పంచుకున్న బరువు మొత్తం ఇప్పుడు మీ ఆవిడ మీదా, తొమ్మిదేళ్ళ పిల్లవాడి మీదా పడుతోంది. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో మనవాళ్ళు వరల్డ్ కప్ ఫైనల్ ఓడిన రోజు గుర్తుందా? అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు తెల్లవారుజామున లేచి చూసి, మధ్యాహ్నం దాకా ఒకరికొకరు ఫోన్లు చేసుకుని బాధపడ్డారు. ఆ బాధకి చుట్టాలున్నారు. మీ బేస్‌మెంట్‌లోని బాధకి ఎవరూ లేరు.

బఫెలోవాళ్ళు ఓటమిని ఎలా మోశారో మీకు నేను చెప్పాలా అనిపిస్తుంది గానీ, మీ అబ్బాయికి చెప్పడానికైనా పనికొస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. 1991 జనవరి 27న టాంపాలో బిల్స్ మొట్టమొదటి సూపర్ బౌల్ ఆడింది. న్యూయార్క్ జెయింట్స్ 20, బిల్స్ 19. ఎనిమిది సెకన్లు మిగిలి ఉండగా స్కాట్ నార్‌వుడ్ 47 గజాల దూరం నుంచి బంతిని తన్ని రెండు స్తంభాల మధ్యగా పంపాలి, అంటే ఫీల్డ్ గోల్ కొట్టాలి. ఎత్తు సరిపోయింది, దూరం సరిపోయింది, బంతి మాత్రం స్తంభానికి కుడి పక్కగా వెళ్ళిపోయింది. ఒక్క పాయింటు తేడాతో కప్పు పోయింది. మర్నాడు జట్టు ఊరికి తిరిగొస్తే నయాగరా స్క్వేర్‌లో, సిటీ హాల్ ముందు, ఎముకలు కొరికే చలిలో వేలమంది జనం చేరారు. ఆటగాళ్ళు ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. నార్‌వుడ్ వెనక ఎక్కడో నిలబడ్డాడు. జనం "స్కాట్ కావాలి, స్కాట్ కావాలి" అని అరవడం మొదలుపెట్టారు. అతను ముందుకు వచ్చేదాకా ఆపలేదు. అతను కన్నీళ్ళు ఆపుకుంటూ, తనకు ఇంతటి ప్రేమ ఎన్నడూ దొరకలేదన్నట్టు మాట్లాడాడు. కప్పు చేజార్చిన మనిషిని పిలిచి మరీ గుండెకు హత్తుకున్న ఊరు అది. ఆ తర్వాత వరసగా మరో మూడు సూపర్ బౌల్స్ ఓడిపోయారు, ఒకటి వాషింగ్టన్ చేతిలో, రెండు డాలస్ చేతిలో. వరసగా నాలుగేళ్ళు సూపర్ బౌల్‌కి చేరిన జట్టు అప్పటికీ ఇప్పటికీ అదొక్కటే. ఈ మాట బఫెలోవాళ్ళు సిగ్గుపడుతూ చెప్పరు, చెప్పక్కర్లేదు కూడా.

ఆ ఊళ్ళో ఈ జట్టుకి ఇంత విలువ ఎందుకొచ్చిందో మీ ఆవిడకి ఎప్పుడైనా చెప్పారా? 1950లో బఫెలో జనాభా 5,80,000. 2020 లెక్కల్లో 2,78,000. పక్కనే లాకవాన్నాలో వేలమందికి అన్నం పెట్టిన బెత్లెహెమ్ స్టీల్ కర్మాగారం 1983లో ఉక్కు తయారీ చాలావరకు ఆపేసింది. ఫ్యాక్టరీలు వెళ్ళిపోయాయి, పిల్లలు ఉద్యోగాల కోసం వేరే రాష్ట్రాలకు వెళ్ళిపోయారు. ఇదే దేశంలో 1984 మార్చిలో ఒక రాత్రికి రాత్రే కోల్ట్స్ జట్టు సామాను లారీలకెత్తుకుని బాల్టిమోర్ వదిలి ఇండియానాపోలిస్‌కి పోయింది. 1995లో క్లీవ్‌లాండ్ జట్టును యజమాని బాల్టిమోర్‌కి తీసుకుపోతున్నట్టు ప్రకటించాడు. బిల్స్ మాత్రం వెళ్ళలేదు. జట్టు పెట్టిన రాల్ఫ్ విల్సన్ 2014లో చనిపోయేదాకా దాన్ని అక్కడే ఉంచాడు, తర్వాత కొన్న పెగులా దంపతులూ అక్కడే ఉంచారు. అందుకే వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డ బఫెలో పిల్లలకి ఈ జట్టు సొంతూరి కబురులాంటిది. మీరు పుట్టింది గుంటూరు జిల్లాలోనే అయినా, మీ సంసారం మొదలైంది బఫెలోలో. మీ అబ్బాయి పుట్టిందీ అక్కడే. అలాంటి జట్టును వదిలెయ్యమని నేనెలా చెబుతాను?

వదలక్కర్లేదు, కానీ బేస్‌మెంట్ లోంచి బయటికి రండి. బిల్స్ బ్యాకర్స్ పేరుతో అభిమానుల సంఘాలు ఈ దేశంలో ఎన్నో ఊళ్ళలో ఉన్నాయి. ఆదివారం ఏదో ఒక రెస్టారెంట్‌లోనో బార్‌లోనో చేరి కలిసి చూస్తారు. మీకు దగ్గర్లో ఉన్నది వెతుక్కుని, కనీసం పెద్ద మ్యాచ్‌లైనా అక్కడ చూడండి. మీలాగే బఫెలో నుంచి వలస వచ్చినవాళ్ళు అక్కడ దొరుకుతారు. ఓడిన రాత్రి మీరు మాట్లాడాల్సింది వాళ్ళతో. మొదటిసారి వెళ్ళడానికి మొహమాటంగా ఉంటుంది. మీకు గ్లోవ్స్ తొడిగినవాళ్ళకి ఆ రోజు మొహమాటం లేదన్నది గుర్తుంచుకోండి, అది చాలు.

రిమోట్ విషయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. మీరు చెయ్యి చేసుకునే మనిషి కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. అయినా ఒక సంగతి మీరు తెలుసుకోవాలి. డేవిడ్ కార్డ్, గోర్డన్ డాల్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ఒక అధ్యయనం ప్రచురించారు. బిల్స్ ఆడే లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటలున్న ఆదివారాల్లో సొంత జట్టు ఫలితానికీ ఇళ్ళలో ఆడవాళ్ళ మీద జరిగే హింసకీ సంబంధం ఉందా అని పోలీసు రికార్డులు తీసి చూశారు. తప్పకుండా గెలుస్తుందనుకున్న జట్టు ఓడిపోయిన రోజుల్లో భర్తలు, సహచరులు ఇంట్లో చేసే హింస పది శాతం పెరిగింది. ఓడుతుందని ముందే అనుకున్న ఆట ఓడినప్పుడు పెరగలేదు. పెరిగింది కూడా ఆట ముగిసిన ఆ కాసేపట్లోనే. అంటే మనిషిని దెబ్బతీసేది అడియాస, దాని జోరు ఆట అయిపోయిన గంటలోనే ఉంటుంది. ఆ ఆరు సీజన్లు ఏ ఆశా లేనప్పుడు మీరు ప్రశాంతంగా ఉండి, ఆశ పుట్టిన తర్వాత ఇలా అవడానికి ఇది కూడా ఒక కారణమని నేననుకుంటున్నాను. పందెం కాసినప్పుడు ఆ ఆశ ఇంకా రెచ్చిపోతుంది.

కాబట్టి ఆ ఒక్క గంటకి ముందే ఏర్పాటు చేసుకోండి. ఆట ఇంట్లో చూస్తే, ఓడినా గెలిచినా, గడియారం సున్నాకి రాగానే టీవీ కట్టేసి కోటు వేసుకుని బయట నడవండి. ఆట తర్వాతి విశ్లేషణలు చూడొద్దు, ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళండి. తిరిగి వచ్చాక పిల్లవాడి దగ్గర కూర్చుని, "నాన్నకి బాధగా ఉంది, మనవాళ్ళు ఓడిపోయారు. నీకు రేపు స్కూల్లో ఏముంది?" అని అడగండి. బాధను దాచమని నేను అనడం లేదు. నాన్న బాధపడటం పిల్లలు చూడొచ్చు. నాన్న నోరు మూసుకుని ఇంట్లో తిరుగుతుంటే మాత్రం అది తమ వల్లేనేమో అనుకుంటారు. స్తంభం పక్కనుంచి బంతి పోగొట్టిన నార్‌వుడ్‌ని ఊరు పిలిచి మాట్లాడింది. ఏ తప్పూ చెయ్యని మీ అబ్బాయి రెండు రోజులపాటు మీ మాటకోసం ఎదురుచూస్తున్నాడు. ఆ రాత్రి రిమోట్ సంగతికి వాడికి క్షమాపణ చెప్పారా? ఎన్ని నెలలైనా పర్వాలేదు, ఇప్పుడు చెప్పండి. "అలా చెయ్యకూడదు, ఇంక చెయ్యను" అంటే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు ఈగల్స్. మీ ప్రాణం ఉసూరుమన్న చోటే నాకు మీ అబ్బాయి మీద ప్రేమ పుట్టింది. వాడు ఏ జట్టును ఎంచుకున్నాడో చూడండి. వాళ్ళ నాన్నను ఏడిపించిన కాన్సాస్ సిటీని రెండు వారాలు తిరిగేసరికి 40-22తో ఓడించిన జట్టును ఎంచుకున్నాడు. ప్లేఆఫ్స్‌లో కాన్సాస్ సిటీ మిమ్మల్ని 2021లో, 2022లో, 2024లో, 2025లో ఇంటికి పంపింది. ఆ ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడికి ఫిబ్రవరి 9 రాత్రి ఈగల్స్ ఎలా కనిపించి ఉంటుంది? వాడు మిమ్మల్ని వదిలి వెళ్ళలేదు, మీ పక్షాన నిలబడ్డానని అనుకుని ఉంటాడు. ఒకవేళ స్నేహితుల వల్లో, ఈగల్స్ ఆటగాడు సాక్వాన్ బార్క్‌లీ 2024లో 2,005 గజాలు పరిగెత్తడం చూసో అటు మొగ్గినా అందులో తప్పేముంది? మీకు కూడా బిల్స్‌ని ఎవరూ తొడగలేదు, మీరే ఎంచుకున్నారు. వాడికి ఆ అవకాశం ఇవ్వండి. బలవంతంగా జెర్సీ తొడిగితే వాడు తొడుక్కుంటాడు, తొమ్మిదేళ్ళవాడు నాన్న మాట కాదనలేడు. కానీ జట్టు ఓడినప్పుడల్లా ఆ బాధలో వాడికీ వాటా పెట్టినవారవుతారు.

పైగా ఈగల్స్‌తో మీకు పెద్దగా తగువు లేదు. రెండూ లీగ్‌లోని వేర్వేరు సగాల్లో, అంటే వేర్వేరు కాన్ఫరెన్స్‌లలో ఆడే జట్లు, రెగ్యులర్ సీజన్‌లో ఏటా ఎదురుపడవు. వారానికి రెండు జట్లను గెలిపించుకునే ఇల్లు మీదవుతుంది. ఈగల్స్ ఆట ఉన్న రోజు మీరు వాడి పక్కన కూర్చోండి. థర్డ్ డౌన్ అంటే ఏమిటో, సేఫ్టీ ఎక్కడ నిలబడతాడో వాడికి మీరే చెప్పాలి. ఆట నేర్పిన మనిషిని ఎవరూ మర్చిపోరని మీ ఉత్తరమే సాక్ష్యం చెబుతోంది.

జట్టు పేరు వదిలేసి బఫెలో అభిమానుల తీరు వాడికివ్వండి. 2017 డిసెంబర్ 31న మీరు అక్కడే ఉన్నారు కదా. సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్ ఆండీ డాల్టన్ ఆఖరి నిమిషంలో, ఫోర్త్ డౌన్ అనే చివరి ప్రయత్నంలో విసిరిన బంతి టచ్‌డౌన్ అయి బాల్టిమోర్ ఓడిపోవడంతో ప్లేఆఫ్స్‌లో చోటు బిల్స్‌కి దక్కి 17 ఏళ్ళ కరువు తీరింది. మర్నాటినుంచి బిల్స్ అభిమానులు డాల్టన్ నడిపే సేవాసంస్థకి చాలామంది 17 డాలర్ల చొప్పున పంపారు, మొత్తం 3,00,000 డాలర్లు దాటింది. 2020 నవంబర్‌లో జాష్ ఆలెన్ నానమ్మ చనిపోతే, అతని జెర్సీ అంకె కూడా 17 కావడంతో, అదే లెక్కన బఫెలోలోని ఓషై పిల్లల ఆసుపత్రికి 10 లక్షల డాలర్లకు పైగా చేరింది. 2022 జనవరిలో 13 సెకన్లు మిగిలి ఉండగా ఆధిక్యం జారిపోయి 42-36తో ఓడిపోయిన ఆ మ్యాచ్ మీకు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. దాని తర్వాత కాన్సాస్ సిటీ అభిమానులు 13 డాలర్ల చొప్పున అదే ఆసుపత్రికి డబ్బు పంపారు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళ ఊరి పిల్లలకి పంపిన డబ్బు అది. ఇదంతా మీ అబ్బాయికి చెప్పండి. పందెం మానేయగా మిగిలిన డబ్బులోంచి ఒక 17 డాలర్లు వాడి చేత ఎక్కడికైనా పంపించండి, ఏ సంస్థో వాడినే తేల్చుకోనివ్వండి.

మీరు అడగకపోయినా ఒక మాట. వాడు రేపు తనే ఆడతానంటే, ఒకరినొకరు గుద్దుకునే ఆటలో కాకుండా, నడుముకి కట్టిన గుడ్డముక్క లాగితే చాలనే ఫ్లాగ్ ఫుట్‌బాల్‌లో చేర్చండి. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చనిపోయిన 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షిస్తే 110 మందిలో సీటీఈ అనే మెదడు జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా ఇచ్చిన మెదళ్ళు కాబట్టి అందరికీ అదే నిష్పత్తి ఉంటుందని చెప్పలేం, అయినా ఆ అంకె చిన్నది కాదు. ఆటను ప్రేమించేవాళ్ళం ఆటగాళ్ళు చెల్లిస్తున్న వెల కూడా తెలుసుకుని ఉండాలి. 2023 జనవరి 2న బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ గుండె మైదానంలోనే ఆగిపోయినప్పుడు మీరందరూ దాన్ని కళ్ళారా చూశారు.

మీ ఆవిడ మాటకి వస్తాను. పండగెప్పుడో తద్దినమెప్పుడో ఆ జట్టే చెబుతోందన్న మాట ఒక్క రాత్రి కోపంలో వచ్చింది కాదు. సీజన్ సెప్టెంబర్‌లో మొదలై దసరా, దీపావళి మీదుగా నడుస్తుంది, సరిగ్గా సంక్రాంతికి ప్లేఆఫ్స్ వస్తాయి. 2024లో పిట్స్‌బర్గ్‌తో భోగి నాడు ఆడాల్సిన ఆట మంచు తుఫాను వల్ల సోమవారానికి, సంక్రాంతి రోజుకి వాయిదా పడింది. స్టేడియంలో మంచు ఎత్తిపొయ్యడానికి గంటకి 20 డాలర్లిస్తాం రమ్మని అభిమానులను పిలిచారు. మీ ఆవిడ ఆ రెండు రోజులూ అరిసెలు, ముగ్గులు, మీ అమ్మగారికి వీడియో కాల్ అన్నీ ఒంటిచేత్తో సర్దుకుని ఉంటుంది. ఆవిడకి ఆట మీద కోపం ఉందని నేననుకోను. తన ఏడాదిలో సగం తనను అడక్కుండా వేరెవరో నిర్ణయిస్తున్నారన్నదే ఆవిడ బాధ.

దీనికి పరిష్కారం చాలా మామూలుది. షెడ్యూల్ మే నెలలోనే వచ్చేస్తుంది. ఆ కాగితం, తెలుగు క్యాలెండర్ రెండూ డైనింగ్ టేబుల్ మీద పరిచి ఇద్దరూ కూర్చోండి. ముందు ఆవిడ రోజులు గుర్తుపెట్టాలి: దసరా, దీపావళి, పుట్టినరోజులు, గుడిలో పూజలు. వాటితో ఢీకొన్న ఆటలు మీరు తర్వాత రికార్డింగ్‌లో చూసుకోండి, స్కోరు ఎవరూ చెప్పకుండా జాగ్రత్తపడితే చాలు. మిగిలిన వాటిలో మీరు మనస్ఫూర్తిగా కూర్చుని చూసేవి ఏవో ఎంచుకోండి. 17 ఆటలూ మొదటినుంచి చివరిదాకా చూడాలని రూలేమీ లేదు. బిల్స్‌కి ఆట లేని వారం ఒకటుంటుంది, ఆ ఆదివారం పూర్తిగా ఆవిడది. 2025 సీజన్ షెడ్యూల్ ఎప్పుడో వచ్చేసింది కాబట్టి ఈ వారాంతమే కూర్చోవచ్చు. పందేల సంగతి చెప్పిన తర్వాత సుమా, ముందు కాదు. రెండూ ఒకేరోజు పెడితే క్యాలెండర్ లంచంలా కనిపిస్తుంది.

సీజన్ టికెట్ విషయంలో నేను మీ ఆవిడ పక్షమే. కొత్త స్టేడియంలో సీజన్ టికెట్ కొనాలంటే ముందు సీటు లైసెన్స్ అని ఒక మొత్తం కట్టాలి. అది కట్టినా వచ్చేది టికెట్ కొనుక్కునే హక్కే, ఏటా టికెట్ల డబ్బు వేరే. అక్కడ ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో ఆటలు. ఎడిసన్ నుంచి స్టేడియం ఉన్న ఆర్చర్డ్ పార్క్‌కి ఆరేడు గంటల దారి, అదీ మంచులో. ఎన్నిటికి వెళ్ళగలరు? వెళ్ళలేని వాటికి టికెట్లు అమ్ముకుంటూ కూర్చోవడం ఇంకో తలనొప్పి. ఆ స్టేడియానికి న్యూయార్క్ రాష్ట్రం, ఈరీ కౌంటీ కలిసి ఇప్పటికే 85 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇచ్చాయి. మీ ఇంటి డబ్బు కూడా అందులో పెట్టకపోతే మీ అభిమానానికి ఏ లోటూ రాదు.

బదులుగా ఒక్క ఆటకి వెళ్ళండి. ఏ ఆటో కూడా షెడ్యూలే చెబుతోంది. 2025 డిసెంబర్ 28, ఆదివారం, ఆర్చర్డ్ పార్క్‌లో బిల్స్ మీదికి వచ్చేది ఫిలడెల్ఫియా ఈగల్స్. మీకు సూప్ ఇచ్చిన ఆ స్టేడియం 1973 నాటిది, రెగ్యులర్ సీజన్ చివరి వారాలు అక్కడ జరుగుతాయి, తర్వాత జట్టు కొత్తదానికి మారుతుంది. పిల్లలకి స్కూలు సెలవులు. మీరు నీలం జెర్సీ, వాడు ఆకుపచ్చ జెర్సీ. పార్కింగ్‌లో వంట చేసుకుంటూ నిలబడ్డవాళ్ళు వాణ్ణి ఆటపట్టిస్తారు, తర్వాత ప్లేటు నింపి పెడతారు. బిల్స్ అభిమానుల్లో సరదాకి మడతబల్లల మీదికి దూకేవాళ్ళను వాడికి దూరం నుంచి చూపించండి, దగ్గరికి పోనివ్వకండి. శనివారమే వెళ్ళి హోటల్‌లో దిగండి, తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకునేలా రద్దు చేసుకోగల గదే తీసుకోండి. కాళ్ళ కింద వేసుకోవడానికి రెండు అట్టపెట్టెలు చింపి పట్టుకెళ్ళండి, ఆ కాంక్రీటు చలి బూట్లలోంచి పైకి వస్తుంది. మీ ఆవిడను కూడా రమ్మని అడగండి. ఆవిడకి బఫెలోలో పాత స్నేహితులుండి, ఆటకి కాకుండా వాళ్ళ ఇంటికి వెళ్తానంటే సంతోషంగా అక్కడ దింపి రండి.